శరీరానికీ ఒక యాస

ఇరవై ఏళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్నాను. కొత్తగా చేరిన విద్యార్థి రెండు మాటలు మాట్లాడితే చాలు, శ్రీకాకుళం వాడో, చిత్తూరు వాడో చెప్పేస్తాను. పసితనంలో చెవిని పడ్డ పలుకుబడి పెద్దయినా నాలుకను వదలదు. శరీరానికి కూడా యిలాంటి యాస ఒకటి వుంటుందని మా మేనకోడలు పురిటికి వచ్చినప్పుడే నాకు తెలిసింది.

బిడ్డ పుట్టిన మూడో రోజున నర్సు వచ్చి, మడమలో సూది గుచ్చి నాలుగు రక్తపు బొట్లు కాగితానికి అద్దుకుంటానన్నది. మా అమ్మ అడ్డుపడింది.

“పసిగుడ్డుకు సూదిపోట్లేమిటి? థైరాయిడు జబ్బు తల్లికి గదా, బిడ్డకేం?”

నేనూ అమ్మ వైపే మొగ్గాను. మా మేనకోడలే, “తియ్యనీ అమ్మమ్మా” అన్నది.

థైరాయిడు గొంతు ముందు సీతాకోక చిలుకలా వుండే చిన్న గ్రంథి. అది తయారుచేసే థైరాక్సిన్ అనే హార్మోను ఒంటి వేడికీ, ఎదుగుదలకూ, పసివాళ్ల మెదడు పెరగడానికీ ఆధారం. దానిమీద పెత్తనం మెదడు అడుగున వున్న పిట్యూటరీ గ్రంథిది. పాలకుండ దగ్గర కూర్చున్న ఇల్లాలిలాగ, కాక తగ్గితే మంట ఎగదోస్తుంది, హెచ్చితే తగ్గిస్తుంది. ఆ ఎగదోసే సందేశం పేరే టి.ఎస్.హెచ్.

మరి ఎంత కాక సరైనదో ఆ ఇల్లాలు ఎప్పుడు నేర్చుకుంటుంది? తల్లి కడుపులోనూ, పుట్టిన తొలి దినాలలోనూ అంటారు శాస్త్రజ్ఞులు. 1960 దశకంలో అమెరికాలో, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు కొద్ది రోజులు థైరాక్సిన్ అతిగా ఇచ్చి చూశారు. మందు మాని ఎంతకాలమైనా, పెద్దయిన ఆ ఎలుకలలో టి.ఎస్.హెచ్. తక్కువగానే వుండిపోయింది. ఒళ్లు కూడా సరిగా ఎదగలేదు. హంగేరీ శాస్త్రజ్ఞుడు చాబా యిటువంటివాటిని హార్మోను ముద్రలన్నాడు.

“ఎలుకలు మనుషులు కావు గదా!” అన్నాను పిల్లల డాక్టరుగారితో.

“కావు. కాని మీ మేనకోడలి సంగతి చూడండి” అన్నారావిడ.

మా మేనకోడలికి గ్రేవ్స్ జబ్బు. అంటే థైరాయిడు అతిగా పనిచేయడం. నెలలు నిండబోతుండగా గాని అది బయటపడలేదు. అటువంటి తల్లి నుంచి హార్మోను ఎక్కువగా అందితే, కొందరు బిడ్డలలో పిట్యూటరీ పొయ్యి దానంతటదే మండుతున్నదనుకుని ఊరుకుంటుంది. పుట్టాక తల్లి సరఫరా ఆగిపోయినా మంట ఎగదోయదు.

చిక్కు యిక్కడే వున్నది. 1974లో కెనడాలోని క్యుబెక్‌లో మొదలైన థైరాయిడు మడమ పరీక్ష ఎంతోమంది పిల్లలను బుద్ధిమాంద్యం నుంచి కాపాడింది. అయితే చాలాచోట్ల ఈ పరీక్షలో టి.ఎస్.హెచ్. హెచ్చిందా అనే చూస్తారు. మా పాపకు హెచ్చలేదు. కబురు వినగానే, “ఊరికే ఏడిపించారు పిల్లను” అన్నది అమ్మ. డాక్టరుగారు మాత్రం తల్లి జబ్బును గుర్తుంచుకుని థైరాక్సిన్ కూడా చూడమన్నారు. అది బాగా తక్కువగా వుంది! వెంటనే మాత్ర పొడిచేసి, తల్లిపాలలో కలిపి పట్టడం మొదలుపెట్టాం. ఆ రోజు నుంచీ మా అమ్మే గడియారం చూసి మందు గుర్తుచేస్తుంది.

పెద్దలలో కనిపించే ప్రతి థైరాయిడు జబ్బుకూ పసితనమే కారణమని అనుకోకూడదు. అయోడిను లోపం, వంశం వంటి కారణాలు వేరే వున్నాయి. కాని గర్భిణికి థైరాయిడు జబ్బు వుంటే వేళకు పరీక్షలు చేయించాలి. మందు సొంతంగా మానకూడదు, పెంచకూడదు. బిడ్డ పుట్టగానే తల్లి జబ్బు సంగతి పిల్లల డాక్టరుకు తప్పక చెప్పాలి. పూర్వం నయమైన జబ్బయినా సరే, చెప్పాలి.

పాపకిప్పుడు మూడేళ్లు. కొందరు పిల్లలలో ఆ పిట్యూటరీ క్రమంగా తన పని నేర్చుకుంటుందట. మందు మాన్పించి చూడవచ్చునేమో వచ్చే నెల పరీక్షలో తేలుతుంది. తండ్రిది వరంగల్లు. “ఏం జేస్తున్నవ్ తాతా?” అంటూ నా పుస్తకం లాగేస్తుంది. ఆ యాస మాత్రం ఎన్నేళ్లయినా పోకూడదని నా కోరిక.