బటన్ నొక్కకుండానే వెనక్కి పోయిన సీటు!

'గోల్డ్‌ఫింగర్' (1964) చూశారా? జేమ్స్‌బాండ్ గేరు రాడ్డు తలమీది మూత తీసి, ఎర్ర బటన్ నొక్కుతాడు. అంతే! పక్కనున్న శత్రువు సీటుతో సహా కారు టాపులోంచి ఎగిరి అవతల పడతాడు. హాల్లో ఒకటే ఈలలు! ఆ తర్వాత రెండేళ్లకి మన 'గూఢచారి 116' వచ్చి, కృష్ణగారిని ఆంధ్రా జేమ్స్‌బాండ్‌ని చేసింది. అప్పట్నుంచీ మనకి హీరో అంటే కారు, కారు అంటే స్పీడు.

మరి సీటు సంగతి ఎవరికైనా పట్టిందా? మొన్న నాకు పట్టింది. పట్టించింది నా నడుము!

హైదరాబాదు యూసఫ్‌గూడలో షూటింగులకి పాత కార్లు అద్దెకిచ్చే ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆయన షెడ్డు మీద ఓ వ్యాసం రాద్దామని వెళ్లాను. అక్కడ అంబాసిడర్ల మధ్య పెళ్లికూతురిలా నిలబడి ఉంది ఎర్రటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్! టాపు లేని రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వారి ఫైటర్ విమానం పేరే దీని పేరు. 1962లో ఇంగ్లండులో విడుదలై 1980 దాకా తయారైంది. మనకి మరీ పరాయిది కూడా కాదు లెండి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ తయారయ్యేదే, ఆ హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి దీన్ని కట్టారు. రెంటికీ రూపం దిద్దింది ఇటలీ డిజైనర్ మికెలొట్టి. అంటే మద్రాసు హెరాల్డ్‌కి ఇది తమ్ముడన్నమాట!

"ఎక్కి కూర్చోండి సార్, ఫొటో తీయిస్తాను" అన్నారు ఓనరుగారు.

ఎక్కాను. హీరో పోజులో చెయ్యి తలుపు మీద వేసి, దర్జాగా వెనక్కి వాలాను. 'టక్'మని శబ్దం... మరుక్షణం నాకు కెమెరా కనిపించలేదు, షెడ్డు పైకప్పు రేకులు కనిపించాయి!

వెనకే ట్యాంకు!

నవ్వొచ్చే సంగతే. కానీ అక్కడున్న ఒక కుర్రాడు మాత్రం నవ్వలేదు. అతను డూపు. ఎల్లుండి గండిపేట దారిలో స్పీడు షాట్లున్నాయి. దగ్గరి షాట్లలో హీరోగారు కూర్చుంటారు. మలుపులో బండిని విసురుగా తిప్పేటప్పుడు మాత్రం హీరోగారి విగ్గు పెట్టుకుని ఈ కుర్రాడు కూర్చుంటాడు.

"సార్, ఇదే స్పీడులో ఊడితే నా చేతుల్లో స్టీరింగుండదు, కాలి కింద బ్రేకుండదు" అన్నాడు మెల్లగా.

ఓనరుగారు మెకానిక్ భాయ్‌ని పిలిచారు. భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. గడ్డం తెల్లబడింది గాని చేతులు ఇనుమే.

"భాయ్, అక్కడికక్కడే ఓ టాకా వేసెయ్. పది నిమిషాల పని" అన్నారు ఓనరుగారు.

భాయ్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "సాబ్, సీటు ఎనక ఏమున్నదో ఎరుకనా? పెట్రోల్ టంకీ! బండిల వెల్డింగు పెడితే పది నిమిషాలు గూడ పట్టది, అందరం పైకి పోతం!"

నిజమే సుమండీ! స్పిట్‌ఫైర్‌లో పెట్రోలు ట్యాంకు ఉండేది సీట్ల వెనకే, డిక్కీకి ముందు. ఒక్క నిప్పురవ్వ చాలు. తప్పేదేముంది? సీటు బోల్టులు విప్పి బయటికి తీశారు. గుడ్డ ఒలిచారు, స్పాంజి తీసేశారు. అది అంటుకుంటే వచ్చేది విషపు పొగ. దాని కింద స్ప్రింగులుంటాయనుకున్నాను. లేవు! కొక్కేలతో బిగించిన రబ్బరు షీటుంది. అదీ తీశాక మిగిలింది అస్థిపంజరం... వేలెడు లావు ఇనప గొట్టాల ఫ్రేము.

కిరసనాయిలు, సుద్దపొడి

ఎడమవైపు గొట్టం, కింద కీలు పట్టీకి అతికే చోట, ముప్పాతిక వంతు తెగిపోయి ఉంది. దానికి అంగుళం కింద ఎవరో ఎప్పుడో వేసిన పాత వెల్డింగు, ముద్దలు ముద్దలుగా! అతుకు అతుకులాగే ఉంది. దాని పక్కన ఇరిగింది.

"అతుకు మీద అతుకేస్తే గిట్లనే అయితది. అతుకు మంచిగనే ఉంటది, పక్కన ఇరుగుతది" అన్నాడు భాయ్.

ఎందుకలా? లెక్క కట్టి చూశాను. మనిషి భుజాలతో ముప్పై కిలోల బలం పెట్టి వెనక్కి నొక్కాడనుకోండి. ఆ నొక్కుడు కీలుకి యాభై సెంటీమీటర్ల పైన. గొట్టం మందమా, రెండున్నర సెంటీమీటర్లు! గడ్డపారతో బండ లేపినట్టు ఆ ముప్పై కిలోలు కిందికొచ్చేసరికి, రెండు గొట్టాలూ పంచుకున్నా, ఒక్కో గొట్టాన్ని ఒక అంచున మూడొందల కిలోలు లాగుతున్నట్టే, రెండో అంచున మూడొందల కిలోలు నొక్కుతున్నట్టే. గతుకులో పడ్డ ప్రతిసారీ ఇదే తంతు. వెల్డింగు వేడికి పక్కనున్న ఇనుము గుణం మారుతుంది. అంచులో చిన్న గాటు మిగిలినా చాలు. ఏళ్ల తరబడి వంగి వంగి, పగులు అక్కడే పుడుతుంది.

"సరే, ఎడమవైపే కదా, కానివ్వు" అన్నారు ఓనరుగారు. భాయ్ వినిపించుకోలేదు. కుడివైపు గొట్టం రంగు కూడా గీకి, కిరసనాయిలు పూసి, ఓ చాయ్ తాగి వచ్చాడు. గుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాడు.

మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. తెల్లటి సుద్ద మీద మెల్లమెల్లగా వెంట్రుకంత నల్లగీత తేలింది! పగుల్లోకి దూరిన కిరసనాయిలు సుద్దని తడుపుకుంటూ బయటికొచ్చింది. కంటికి ఆనని రెండో పగులన్నమాట!

డూపు కుర్రాడు ఆ గీతనే చూస్తూ నిలబడ్డాడు. ఓనరుగారు ఇంక మాట్లాడలేదు. పక్కకెళ్లి ప్రొడక్షన్ మేనేజరుకి ఫోన్ చేసి, "కారు ఒకరోజు ఆలస్యమవుతుందండీ... ఆ రోజు అద్దె నాకక్కర్లేదు" అని చెప్పారు. నాకాయన మీద గౌరవం పెరిగింది.

లోపల గొట్టం, బయట రేకు

పాత అతుకుని గ్రైండరుతో పూర్తిగా కోసి పారేశాడు భాయ్. లోపలి తుప్పు గీకాడు. గొట్టంలోపల బిగువుగా పట్టే ఇంకో గొట్టం ముక్క, జానెడుకి కాస్త తక్కువ, దూర్చాడు. శిష్యుడు తెల్లగా మెరిసే జింకు పూత పైపు తెస్తే విసిరికొట్టాడు. దాన్ని వెల్డింగు చేస్తే లేచే తెల్లపొగ పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరమేనట. మామూలు నల్ల పైపే వాడాలి.

పై గొట్టానికి రంధ్రాలు వేసి, వాటిలోంచి లోపలి ముక్కకి వెల్డింగు పట్టించాడు. కుడివైపు పగులుకి రెండు కొసల్లోనూ మూడు మిల్లీమీటర్ల రంధ్రాలు పెట్టాడు. పగులు కొస సూదిలా ఉంటుంది కనుక ముందుకి పాకుతుంది. గుండ్రటి రంధ్రం దగ్గర దాని వాడి చచ్చి, ఆగుతుంది. ఆ తర్వాత పగులుని గాడిలా అరగదీసి, సీవోటూ వెల్డింగుతో నింపాడు. రెండువైపులా కీలు దగ్గర ముక్కోణపు రేకులు అతికాడు. ఒకేసారి బారుగా కాదు, ఇటో అంగుళం, అటో అంగుళం. లేకపోతే వేడికి ఫ్రేము మెలితిరుగుతుంది. త్వరగా చల్లారుతుందని శిష్యుడు నీళ్లచెంబు ఎత్తితే మళ్లీ చీవాట్లు! నూలుదారంతో మూల నుంచి మూలకి కొలిచి, రెండు కొలతలూ సమానమయ్యాకే రంగు వేశాడు.

అప్పటికీ సీటు ఇవ్వలేదు. బల్లకి బిగించి, పై పట్టీకి తాడు కట్టి, కప్పీ మీదుగా ఇరవై కిలోల ఇసుక మూటలు మూడు వేలాడదీశాడు. రాత్రంతా అలాగే ఉంచాడు. పొద్దున్న మళ్లీ కిరసనాయిలు, మళ్లీ సుద్ద. ఈసారి గీత రాలేదు.

"షాట్లకి చాలు. గుద్దుడు, పల్టీలు అంటే మాత్రం ఈ సీటు ఇయ్యను. దానికి వేరే సీటు, వేరే బందోబస్తు గావాలె" అని డూపు చెవిలో గట్టిగా చెప్పాడు.

కుర్రకారుకో మాట. ఇది చదివి మీ కొత్త కారు సీటుకి వెల్డింగు పెట్టించకండేం! ఇప్పటి సీట్లలో వాడే గట్టి ఉక్కు వెల్డింగు వేడికి బలం పోగొట్టుకుంటుంది. పైగా చాలా సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగులుంటాయి. ఫ్రేము విరిగితే మార్చడమే మార్గం.

శుక్రవారం గండిపేట దారిలో ఎర్ర స్పిట్‌ఫైర్ దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగింది. సీటు కదల్లేదు. "షాట్ ఓకే!" అన్నారు. అందరూ వెళ్లి హీరోగారికి షేక్‌హ్యాండిచ్చారు. డూపు కుర్రాడు మాత్రం విగ్గు తీసి చేత్తో పట్టుకుని, చెట్టు కింద నిలబడ్డ భాయ్ దగ్గరికి నడిచాడు.

నేనూ వెళ్లి, "సినిమాలు చూస్తావా భాయ్?" అని అడిగాను.

"చూస్త సాబ్. అందరు హీరోని చూస్తరు, నేను సీటును చూస్త!"