మందుగుండు చట్టములు - ప్రజల అభ్యంతరము

మందు, గుండు లేని తుపాకి కేవలము ఒక ఇనుపగొట్టము. ఈ సంగతి నెరిగిన ప్రభుత్వములు ఆయుధములను అదుపు చేయదలచినపుడెల్ల మందుగుండు అమ్మకమును గూడ చట్టమునకు లోబరచినవి. భారతదేశమున ఈ పనిని సమగ్రముగా చేసినది 1878వ సంవత్సరపు 11వ చట్టము. దానిని వ్యతిరేకించినవారు ఏమి కోరిరి, అందు ఎంత సిద్ధించినది, ఎంత మిగిలినది అను విషయమును వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ విషయము ఆంధ్రప్రాంతమునకు వెలుపల చిరకాలముగా నివసించుచున్న తెలుగువారికి పరాయిది కాదు. ఆ చట్టము వచ్చిననాడు బళ్ళారి, గంజాం, తిరునల్వేలి మండలములు మూడును మద్రాసు రాజధానిలోనివే. గంజాంలో అధికభాగము 1936లో ఒరిస్సాలో చేరినది. బళ్ళారిలో అధికభాగము 1953లో మైసూరులో చేరినది. నేడు వేరువేరు రాష్ట్రములలోనున్న తెలుగువారి పూర్వులు నాడు ఒకే చట్టమునకు లోబడియుండిరి.

చట్టమునకు పూర్వము

విజయనగర సామ్రాజ్య కాలమున దక్షిణదేశమునకు తరలిన తెలుగు నాయకులలో అనేకులు పాళెగాండ్రై స్థిరపడిరి. పాళెము నేలుట, కోటను నిలుపుకొనుట, గ్రామములకు కావలి కాచుట వారి వృత్తి. ఆయుధము వారి జీవనోపాధికి సాధనము, హోదాకు గురుతు. తెలుగు మాతృభాషగా గల నాయకుల వంశమునకు చెందిన పాంచాలంకురిచ్చి కట్టబొమ్మనను ఇంగ్లీషు కంపెనీవారు 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీసిరి. 1801లో అతని సోదరుడు ఊమైదురై మరల సాగించిన పోరాటమును గూడ అణచిరి. అటుపిమ్మట 1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డు క్లైవు దక్షిణ మండలముల ప్రజలను ఉద్దేశించి ఒక ప్రకటన గావించెను. కోటలు కూల్చబడవలెను, ఆయుధములు అప్పగింపబడవలెను అనునది దాని సారాంశము.

ఇంచుమించు అదే కాలమున, 1800లో నిజాము వలన కంపెనీకి సంక్రమించిన దత్తమండలములకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చెను. బళ్ళారి సీమయు అందులోనిదే. అచ్చట సుమారు 80 మంది పాళెగాండ్రు ఉండిరి. మన్రో 1807 వరకు ఆ సీమను పాలించి, వారి సేనలను రద్దుచేసి, వారిలో అనేకులను పింఛనుదారులను చేసెను. ఈ రెండు చర్యలును తిరుగుబాటునకు, సైనికబలమునకు ప్రతిక్రియలుగా జరిగినవి. యుద్ధమున ఓడినవారి ఆయుధమును గెలిచినవారు గైకొనుట లోకమున క్రొత్త కాదు. శాంతికాలమున, ఏ నేరమును చేయని సామాన్యుని చేతినుండి ఆయుధమును తొలగించిన చట్టము ఇందుకు భిన్నమైనది. అది 1878 నాటిది.

1878 నాటి చట్టము

లిట్టను ప్రభువు వైస్రాయిగా నున్న కాలమున, 1878 మార్చిలో ఈ చట్టము ఆమోదింపబడెను. దేశభాషా పత్రికలను కట్టడిచేసిన చట్టము గూడ ఆ నెలలోనిదే. లైసెన్సు లేక ఆయుధములను గాని మందుగుండును గాని తయారుచేయరాదు, అమ్మరాదు, తుపాకిని ఉంచుకొనరాదు, ఆయుధము ధరించి తిరుగరాదు. అతిక్రమించినవారికి మూడేండ్ల వరకు ఖైదు విధింపవచ్చును.

ఇందు మందుగుండు అను మాటకు ఇచ్చిన అర్థము గమనింపదగినది. డైనమైటు మొదలగు ప్రేలుడు పదార్థములే గాక, తుపాకిలో నిప్పు పుట్టించు చెకుముకిరాయి, కేపు, మందును బిగించు బిరడ సైతము ఆ నిర్వచనములో చేర్చబడినవి. సీసము, గంధకము, సూరేకారము మాత్రము మినహాయింపబడినవి. ఇంటిలో మందు నూరుకొనగల రైతుకైనను కేపులు లైసెన్సు గల దుకాణములోనే దొరకవలెను. తుపాకి ఒకమారు కొనునది. మందుగుండు మరల మరల కొనవలసినది. అందుచే అమ్మకము మీది నియంత్రణము ఆయుధము మీది నియంత్రణము కంటె నిత్యజీవితమునకు దగ్గరగా తగులును. అడవి యంచున చేను గల రైతునకు పందులు పైరు మీద పడిన రాత్రి తుపాకి ఉండియు కేపు లేకున్నచో, ఆ తుపాకి ఉన్నదన్న మాటయే గాని ప్రయోజనము సున్న.

అంతకంటె ప్రజల మనస్సును గాయపరచినది మినహాయింపుల పట్టిక. చట్టము క్రింద ఏర్పరచిన నియమములు ఐరోపీయులు మొదలగువారిని లైసెన్సు బాధనుండి తప్పించినవి. ఒకే ఊరిలో ఒకే వీధిలో నివసించు ఇరువురిలో ఒకనికి జన్మచే నమ్మకము లభించెను. రెండవవాడు అదే జన్మచే అనుమానమునకు గురియయ్యెను.

1887 నాటి మద్రాసు తీర్మానము

భారత జాతీయ కాంగ్రెసు మూడవ మహాసభ 1887 డిసెంబరులో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన మద్రాసులో జరిగెను. అచ్చట ఆయుధముల చట్టము చర్చకు వచ్చెను. యువకుడైన బిపిన్ చంద్ర పాల్ ఆ చట్టమునకు వ్యతిరేకముగా ప్రసంగించెను. ఆయుధములు దుర్మార్గుల చేత పడునని శంకించిన ప్రతినిధులును లేకపోలేదు. చర్చానంతరము చట్టమును సవరింపవలెనని సభ తీర్మానించెను.

ఆ తీర్మానమును పరిశీలించిన, అది నియంత్రణమునే తిరస్కరింపలేదని తెలియును. అది మూడు విషయములను చెప్పెను. మొదటిది, ఈ చట్టము ప్రజలకు కష్టము కలిగించుటయే గాక వారి రాజభక్తిపై అర్హము కాని నింద మోపుచున్నది. రెండవది, ఆయుధమును ఉంచుకొనుటకు అందరికిని వీలుండవలెను. ప్రభుత్వము ఎవరిని నిషేధించునో వారికి మాత్రమే అది లేకుండవలెను. మూడవది, అట్లు నిషేధించునపుడు కారణమును వ్రాతమూలకముగా నమోదుచేసి ప్రకటింపవలెను.

వివాదమునకు కీలకము ఇందే ఉన్నది. చట్టము ప్రకారము నిషేధము సామాన్యము, అనుమతి విశేషము. తీర్మానము ప్రకారము అనుమతి సామాన్యము, నిషేధము విశేషము. మొదటి పద్ధతిలో తాను నమ్మదగినవాడనని పౌరుడు రుజువు చేసికొనవలెను. రెండవ పద్ధతిలో అతడు నమ్మదగినవాడు కాడని ప్రభుత్వము రుజువు చేయవలెను.

దేశభాషా పత్రికల చట్టము 1882లో రద్దయ్యెను. ఆయుధముల చట్టము మాత్రము నిలిచెను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడిచేసి కైకొన్నది తుపాకులను, తూటాలను. చట్టబద్ధముగా అవి దొరకని ప్రజలకు ఠాణాయే ఆయుధాగారమైనది. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రకటించిన ప్రాథమిక హక్కులలో, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కు గూడ చోటు చేసికొనెను.

స్వాతంత్ర్యానంతరము

రాజ్యాంగ నిర్మాణసభలో 1948 డిసెంబరున హెచ్. వి. కామత్ ఈ హక్కును రాజ్యాంగములో చేర్పవలెనని సవరణ ప్రతిపాదించెను. డాక్టరు అంబేద్కరు దానిని అంగీకరింపలేదు, అది వీగిపోయెను. ఆయుధములు లేకుండ శాంతియుతముగా సమావేశమగు హక్కు మాత్రమే రాజ్యాంగమున కలదు. విభజన కాలపు రక్తపాతము అప్పటికి ఏడాది క్రిందటిదే యని గుర్తుంచుకొనిన ఆ జాగ్రత్త అర్థము కాకపోదు.

అటుపిమ్మట 1959 నాటి ఆయుధముల చట్టము వచ్చెను. అది 1962 అక్టోబరు 1న అమలులోనికి రాగా, 84 ఏండ్లు సాగిన పాత చట్టము అంతరించెను. కత్తి, బల్లెము వంటి వానికి ప్రభుత్వము ప్రకటించిన ప్రాంతములలో మాత్రమే లైసెన్సు కావలెను. వ్యవసాయమునకు, గృహకృత్యములకు మాత్రమే ఉపయోగపడు పరికరములు ఆయుధములు కావు. పైరును కాపాడుకొనుటకు నోటినుండి మందు కూరు తుపాకికి లైసెన్సు పొందు మార్గము చట్టములోనే చెప్పబడినది. చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణముతో లైసెన్సు నిరాకరింపరాదు. నిరాకరించిన అధికారి కారణమును వ్రాసియుంచవలెను. ప్రజాహితమునకు భంగకరమని తలచిననే తప్ప, కోరినవారికి దానిని తెలుపవలెను. ఆ నిర్ణయముపై అప్పీలు చేసికొనవచ్చును.

1887లో మద్రాసులో కోరిన మూడు కోరికలలో మూడవది ఈ విధముగా చాలవరకు నెరవేరినది. రెండవది నెరవేరలేదు. నేటికిని నిషేధమే సామాన్యము, అనుమతియే విశేషము. లైసెన్సుదారుడు ఎంత మందుగుండు ఉంచుకొనవచ్చునో, ఏడాదికి ఎంత కొనవచ్చునో లైసెన్సులోనే నిర్ణయింపబడును. 2019లో చేసిన సవరణ ఒకనికి ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడింటినుండి రెండింటికి తగ్గించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట, పైరుకావలికి తుపాకి ఉన్నను అడవిమృగమును చంపుటకు వేరుగా అనుమతి కావలెను.

జన్మను బట్టి మినహాయింపు అనునది పూర్తిగా పోలేదు. కర్ణాటకలోని కొడగులో కొడవజాతివారికిని, జమ్మా భూములు గలవారికిని 1861 నుండి వచ్చుచున్న మినహాయింపును కేంద్రప్రభుత్వము 1963లో కొనసాగించెను. 2019లో దానిని 2029 వరకు పొడిగించెను. దానిపై వచ్చిన వ్యాజ్యమును కర్ణాటక ఉన్నత న్యాయస్థానము 2021లో త్రోసిపుచ్చెను. కొడవలకు అది తరతరముల ఆచారము. పొరుగు మండలములలో చేను కాచుకొను రైతునకు మాత్రము ఆ సౌకర్యము లేదు.

ముగింపు

ఆయుధములు విచ్చలవిడిగా అమ్ముడుపోవలెనని విజ్ఞుడెవడును కోరడు. నియంత్రణము ఉండవలెను, అయితే అది అందరికిని ఒకే కొలతతో కొలువవలెను, కాదన్నపుడు కారణము చెప్పవలెను. 1887లో మద్రాసున పలికిన అభ్యంతరపు సారము ఇదియే. మాతృభాష ఒకటి, కచేరీ భాష మరొకటియైన మండలములలో నివసించు తెలుగువారికి ఇందలి రెండవ భాగము మరింత ముఖ్యము. కచేరీలో నోటితో చెప్పిన "కాదు" అను మాట గుమ్మము దాటగనే గాలిలో కలియును. కాగితముపై వ్రాసిన కారణమును చదువవచ్చును, చదివించుకొనవచ్చును, పై అధికారియెదుట ప్రశ్నింపవచ్చును. లైసెన్సు నిరాకరింపబడినవారు, మందుగుండు పరిమితిని తగ్గింపబడినవారు ఆ కారణమును వ్రాతమూలకముగా కోరవలెను. పూర్వులు మద్రాసు సభలో అడిగినది, డెబ్బది రెండేండ్లకు చట్టములోనికెక్కినది ఆ కాగితమే. దానిని అడుగక విడుచుట తగదు.