పాత పికప్ బండికి పెట్రోలు పంపు ఎంపిక

నర్సింహులపేట మండలమునుండి మిర్చి బస్తాలతో వరంగల్లు ఏనుమాముల మార్కెట్టుకు బయలుదేరిన బండి దారిలో ఆగినచో, రైతుకు ఆనాటి బేరము తప్పును. కిరాయి రెండుసార్లు పడును. బండి బరువు లాగలేనపుడు "పెద్ద పంపు వేయించుము" అను సలహా తరచుగా వినవచ్చును. డబ్బు ఖర్చు చేయుటకు ముందు రైతు సోదరులు ఈ క్రింది విషయములను గమనించవలెను. ఇవి ట్యాంకు లోపల పంపు ఉండి, ఇంజక్షన్ పద్ధతిపై నడచు పెట్రోలు బండ్లకు మాత్రమే వర్తించును. డీజిలు బండికిగాని, కార్బురేటరు బండికిగాని ఈ పంపు వేయరాదు.

1. ముందుగా లోపము తెలిసికొనుడు: ఫిల్టరు, పంపు అడుగునగల జాలి మూసికొనిపోయినను బండి గుంజదు. ఇంజను నడచుచుండగా పంపువద్ద వోల్టేజి బ్యాటరీకంటె ఒక వోల్టు తగ్గినచో తీగలను, ఎర్తును బాగు చేయించవలెను. పిదప మెకానిక్కుచేత ఒత్తిడి కొలిపించుడు.

2. తగిన పరిమాణము: బావికి మోటారు కొనునపుడు లోతును, కావలసిన నీటిని చూతుము గదా! ఇచ్చట ఒత్తిడిని, ప్రవాహమును చూడవలెను. ఇట్టి ఇంజన్లకు సాధారణముగా 3 నుండి 4 బార్ల ఒత్తిడి కావలెను. మీ బండికి తగిన అంకె దాని పుస్తకములో చూడుడు. పూర్తి బరువు లాగునపుడు అశ్వశక్తి ఒక్కింటికి గంటకు 300 గ్రాముల పెట్రోలు లెక్క వేసినచో, 60 అశ్వశక్తుల ఇంజనుకు 18 కిలోలు, అనగా సుమారు 25 లీటర్లు చాలును. గంటకు 255 లీటర్లు పోయు పంపు వేసినంత మాత్రాన బలము పెరుగదు. అది కరెంటును అధికముగా తీసికొని పాత తీగలను వేడెక్కించును. తిరుగు గొట్టము చాలనిచో ఒత్తిడి హద్దు మీరును.

3. గొట్టములు: నేడు బంకులలో 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు లభించుచున్నది. పాత రబ్బరు భాగములు దీనికి చెడిపోవచ్చును. కావున ఇథనాలుకు తట్టుకొను పంపును, పెట్రోలులో మునిగి ఉండుటకై తయారైన గొట్టమును మాత్రమే కొనుడు. బయట వాడు గొట్టము ట్యాంకులో నానిన ఉబ్బి చీలిపోవును.

4. జాగ్రత్తలు: బ్యాటరీ తీగ తీసి, లైనులోని ఒత్తిడి వదలి, నిప్పుకు దూరముగా, గాలి తగులు చోటనే పని చేయించవలెను. పంపును పెట్రోలు లేకుండ తిప్పి చూడరాదు. దానిని చల్లబరచునది పెట్రోలే. అందుచేత ట్యాంకులో ఎల్లప్పుడు పావు వంతైనను ఉంచుట మంచిది.

మిర్చి కోతలకు ముందే ఈ పరీక్షలు చేయించుకొన్నచో చాలవరకు జాలి, ఫిల్టరు, తీగల ఖర్చుతోనే పని తీరును. పంపే చెడినదని తేలినచో, అదే ఒత్తిడి, అదే ప్రవాహము గల మేలురకపు పంపును వేయించుడు.