దారి నెరుగు మెదడు

బజారునుండి యింటికి మరలివచ్చుటకు మనము విశేషముగా ఆలోచింపనక్కరలేదు. కాళ్లే దారి పట్టినట్లు తోచును. కాని ఆ సమయమున మెదడులో పెద్ద పని జరుగుచుండును.

మెదడు లోతట్టున, ఇరుప్రక్కల నొక్కొక్కటి చొప్పున, హిప్పోకాంపస్ అను చిన్న భాగము కలదు. 1971వ సంవత్సరమున లండనులో జాన్ ఓకీఫ్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలను పరిశీలించి, ఇచ్చటి కొన్ని నాడీకణములు ఎలుక ఒకానొక చోటికి చేరినపుడే చురుకుగా విద్యుత్ సంకేతముల నిచ్చునని తెలిపెను. చోటు మారినచో వేరు కణములు సంకేతమిచ్చును. దీని పొరుగు భాగమున, నేలను సమదూరములుగా విభజించి గుర్తించు కణములను నార్వేలో మోజర్ దంపతులు 2005లో వెల్లడించిరి. ఈ మువ్వురికిని 2014లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ కణములు ఇచ్చవచ్చినట్లు పనిచేయవు. ఎలుక నడచునంతసేపు ఆ ప్రాంతమున విద్యుత్ తరంగము సెకనుకు సుమారు 6 మొదలు 10 మార్లు లేచిపడుచుండును. దీనినే థీటా లయ యందురు. ఎలుక ఒక చోటిని దాటుచున్న కొలదిని, ఆ చోటి కణము ప్రతి తరంగమునందును మునుపటికంటె కొంచెము ముందుగా సంకేతమిచ్చును. తాళమునుబట్టి పాటలో నెచ్చట నున్నామో తెలిసినట్లు, ఈ లయనుబట్టి నడకలో నెంత దూరము వచ్చినదియు తెలియుటకు వీలగును. మూర్ఛవ్యాధి చికిత్సకై మెదడులో ఎలక్ట్రోడులు అమర్చిన రోగులయందును ఇట్టి కణములు కనబడినవి. మనుష్యులలో ఈ లయ మరింత మందముగను, విడతలు విడతలుగను వచ్చును.

ఈ జ్ఞానము మన యిండ్లకు మిక్కిలి అవసరము. అల్జీమర్స్ వ్యాధి మొట్టమొదట దెబ్బతీయు స్థలములలో పైన చెప్పిన పొరుగు భాగ మొకటి. కనుక ఏండ్ల తరబడి నడచిన వీధిలో పెద్దలు దారి తప్పుట కేవలము ముసలితనమని త్రోసివేయరాదు. అట్లని ప్రతివారికిని ఈ వ్యాధియే యని భయపడనక్కరలేదు. థైరాయిడ్ లోపము, బి12 విటమిను కొరత, కొన్ని మందుల ప్రభావము వలనను మతిమరుపు, తికమక కలుగవచ్చును. వీటిలో పెక్కింటికి చికిత్స కలదు. ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

ఇంటివారు గద్దింపరాదు. దారి తప్పుట వారి అజాగ్రత్త కాదు. ఇంటి చిరునామా, ఫోను నంబరు వ్రాసిన చీటిని వారి జేబులోనో కొంగుముడిలోనో ఉంచుడు. బయటికి పోవునపుడు తోడుగా నొకరు నడువుడు.