జబ్బు పేరు ఎవరెవరికి తెలియాలి?

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లాక, ఒక తల్లి చెప్పులు విడిచేచోట నిలబడి ఉన్నది. "అయ్యగారూ, ఒక్కమాట" అన్నది. ఆమె కుమారుడు డిగ్రీ చదువుతున్నాడు. రెండు నెలలు నిద్రలేక, తనలో తానే మాట్లాడుకుంటుంటే పట్నం తీసుకెళ్లి మానసిక వైద్యుని ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంచారు. తండ్రి కట్టిన ఆరోగ్య బీమా ఉంది. అయినా నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి బిల్లు కట్టేశారు.

"ఫారంలో జబ్బు పేరు రాయాలంటండి. కంపెనీవాళ్లు చూస్తారు. రేపు వాడికి ఉద్యోగమొస్తుందా? వాడి చెల్లికి సంబంధమొస్తుందా?"

ప్రియ చదువరులారా, ఆమె భయంలో కొంత నిజముంది. అయితే ఆమెకు తెలియని సంగతులు కూడా ఉన్నాయి.

మన దేశంలో 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులో ఉంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచవలసిన బాధ్యత చికిత్స చేసేవారిదని దాని 23వ సెక్షను చెబుతున్నది. కొన్ని మినహాయింపులున్నాయి: రోగి తరపున నియమితుడైన ప్రతినిధికి, చికిత్సలో సాయపడే ఇతర వైద్యులకు, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నప్పుడు, హైకోర్టువంటివారు ఆజ్ఞాపించినప్పుడు చెప్పవచ్చును. ఆ జాబితాలో బీమా కంపెనీ లేదు. మరి కాగితాలు కంపెనీకి ఎలా వెళుతున్నాయి? మన సంతకంతోనే. క్లెయిము ఫారం అడుగున చిన్న అక్షరాలలో, ఆసుపత్రి రికార్డులు చూడటానికి అంగీకరిస్తున్నామని ఉంటుంది. అది చదివి సంతకం చేసేవారు ఎందరు?

శరీర రోగాలకు ఇచ్చినట్టే మానసిక రోగాలకు కూడా బీమా ఇవ్వాలని అదే చట్టం 21వ సెక్షనులో ఉంది. హైదరాబాదులోనే కార్యాలయమున్న బీమా నియంత్రణ సంస్థ 2018 ఆగస్టులో కంపెనీలకు ఆ మాటే రాసింది. అయినా క్లెయిము తిరస్కరించిన ఒక కేసులో 2021లో ఢిల్లీ హైకోర్టు రోగి పక్షాన తీర్పు చెప్పింది. కాబట్టి క్లెయిము పెట్టడం ఎవరి దయనో అడగడం కాదు.

కంపెనీ మొదట డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, మందుల చీటీలు చూస్తుంది. సందేహం వస్తే కేసుషీటు అంతా పంపమంటుంది. చిక్కు అక్కడే. శరీర రోగి కేసుషీటులో జ్వరము, రక్తపరీక్ష ఉంటాయి. ఈ పిల్లవాని కేసుషీటులో తండ్రి కొట్టిన దెబ్బలు, ఇంటి తగవులు, చెప్పుకోలేని ఆలోచనలు ఉండవచ్చు. జబ్బేమిటి, ఎందుకు చేర్చవలసి వచ్చింది, ఎన్నాళ్లు, ఏ మందులు అన్నంతవరకు తెలిస్తే డబ్బు చెల్లించాలో లేదో తేల్చవచ్చును గదా. అందుచేత సంతకానికి ముందు వైద్యుని అడగండి: "డాక్టరుగారూ, ఏమేమి పంపుతున్నారు? అంతా పంపకుండా ఉత్తరం రాసి ఇస్తారా?" చాలామంది రాసిస్తారు. కంపెనీ అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలోగా న్యాయం జరగకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి వేరు. అక్కడ సలహాదారుడు తనకోసం విడిగా రాసుకున్న నోట్సు ఇస్తేనే డబ్బిస్తామని బీమా కంపెనీ షరతు పెట్టకూడదు. మన చట్టంలో అంత వివరంగా లేదు.

ఒక్కమాట. పాలసీ తీసుకునేటప్పుడు పాత జబ్బు గురించి అడిగితే దాచకండి. గుట్టు కాపాడుకోవడం వేరు, అబద్ధం రాయడం వేరు. పైగా ఆ అబద్ధమే క్లెయిము పోవడానికి కారణమవుతుంది.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. ఆ తల్లితో మాట్లాడుతుండగానే గుర్తొచ్చింది. నెలక్రితం వేదికమీద నిలబడి "మన సహోదరుని కుమారునికి మనసు బాగోలేదు, ప్రార్థించండి" అని పేరుతో సహా చెప్పినది నేనే. కంపెనీలో ఇద్దరో ముగ్గురో చూసే కాగితానికి ఆమె భయపడుతున్నది. నేను మైకులో చెప్పాను! ఊరిలో సగంమంది విన్నారు. సామెతలు 11:13 మీద ఎన్నిసార్లు బోధించానో. ఇప్పుడు మా సంఘంలో ప్రార్థన విన్నపాలు పేరు లేకుండా చీటీమీద తీసుకుంటున్నాము. అడగనిదే జబ్బు పేరు చెప్పము. ఎవరితోను చెప్పుకోలేనివారికి 14416 నంబరు ఇస్తున్నాము. అది 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీమానస్. రాత్రింబగళ్లు, ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు.

మంగళవారం తండ్రి ఫైలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. వెనుక ఆ అబ్బాయి. మొదట అతనికి క్షమాపణ చెప్పాను. తల వంచుకుని విన్నాడు. అతనికి పంతొమ్మిదేళ్లు; అంగీకరించవలసినది అతడే గాని మేము కాదు. ఇంతవరకు అతన్ని ఎవరూ అడగలేదు. ఫారం అతని చేతికిచ్చాము. ఒక్కొక్క కాగితమే చదివాడు. డిశ్చార్జి సమ్మరీ, డాక్టరుగారి ఉత్తరము ఒకవైపు పెట్టాడు. కేసుషీటు నకలు తీసి తన సంచిలో పెట్టుకుని, "ఇది ఇంట్లో ఉంచుకుంటాను నాన్నా" అన్నాడు. తండ్రి సరేనన్నాడు. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి తపాలా ఆఫీసుకు వెళ్లి రిజిస్టరు చేసి వచ్చారు.