పుస్తకం పాతదైతే తప్పు పిల్లదా? పైథాన్ పాఠాలను తాజాగా ఉంచే పని ఎలా జరుగుతుంది

సెలవుల్లో ఒకరోజు మా ఆపా ఫోన్ చేసింది. "ఒకసారి ఇంటికి రా, పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుని ఏడుస్తోంది" అంది. ఆపా కూతురు సీబీఎస్‌ఈలో పదకొండో తరగతికి వచ్చింది. కంప్యూటర్ సైన్స్ తీసుకుంది, అందులో పైథాన్ ఉంటుంది. కాలేజీ తెరిచేలోపు కొంచెం నేర్చుకుందామని కోఠిలో ఒక సెకండ్ హ్యాండ్ పుస్తకం కొనుక్కుంది. మొదటి పాఠంలో మొదటి లైను కొట్టింది. తెర మీద సలాం అని రావాలి. రాలేదు. ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వచ్చింది.

"పుస్తకంలో ఉన్నట్టే కొట్టాను మామూ. మూడుసార్లు సరిచూసుకున్నా. నాకిది రాదేమో, సబ్జెక్ట్ మార్చుకుంటా" అంది.

నేను బీకామ్ చదివినవాణ్ణి, ప్రోగ్రామింగ్ నా చదువు కాదు. అయినా చేయి తనంతట తానే పుస్తకం లోపలి పేజీకి పోయింది. ముద్రణ 2009. మాకు అలవాటు అది. ఇన్‌కమ్ ట్యాక్స్ పుస్తకం కొనేటప్పుడు అట్ట మీద సంవత్సరం చూడకుండా ఎవరూ డబ్బులివ్వరు. శ్లాబులు మారాయంటే నిరుటి పుస్తకం తూకానికి పోవాల్సిందే. ప్రోగ్రామింగ్ భాషకు కూడా అలాంటి లెక్క ఒకటి ఉంటుంది, దాన్ని వెర్షన్ అంటారు. ఈ సంగతి చాలా ఇళ్ళల్లో తెలియదు. ట్యాక్స్ పుస్తకం అట్ట మీద సంవత్సరం పెద్దక్షరాల్లో ఉంటుంది. ఈ పుస్తకం అట్ట మీద ఉన్నది 'పైథాన్' అనే మాట ఒక్కటే.

పైథాన్ మొదట 1991లో బయటకు వచ్చింది. తయారు చేసినాయన నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్. 2008 డిసెంబర్‌లో వెర్షన్ 3.0 వచ్చింది. పాత తప్పులు కొన్ని సరిదిద్దాలంటే పాత ప్రోగ్రాములు కొన్ని చెడినా ఫరవాలేదని తెలిసే ఆ పని చేశారు. పాత వెర్షన్ 2ను 2015లో ఆపేద్దామని మొదట అనుకున్నారు. కానీ ప్రపంచమంతా దాని మీదే నడుస్తోంది. గడువు 2020 జనవరి 1 వరకు పొడిగించారు. ఆఖరి విడుదల 2.7.18, అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది. అంటే పదకొండేళ్ళకు పైగా రెండు పైథాన్‌లు పక్కపక్కనే బతికాయి. ఆ కాలంలో అచ్చయిన పుస్తకాలు, క్లాసుల నోట్సు, జిరాక్స్ మెటీరియల్ ఎక్కడికీ పోలేదు. కోఠి ఫుట్‌పాత్ మీద ఇప్పటికీ దొరుకుతున్నాయి.

పిల్ల కొట్టిన లైనులో తేడా ఎంత? రెండు బ్రాకెట్లు. వెర్షన్ 2లో ప్రింట్ అని రాసి, ఖాళీ వదిలి, కోట్స్‌లో మాట రాస్తే చాలు. వెర్షన్ 3లో ఆ మాటను బ్రాకెట్లలో పెట్టాలి. ఇప్పటి పైథాన్ ఈ తప్పును గుర్తుపట్టి, బ్రాకెట్లు లేవు, ఇలా రాయాలనుకున్నావా అని ఇంగ్లీషులో అడుగుతుంది కూడా. కానీ మొదటి రోజు పిల్లకు ఎర్ర రంగు చూస్తేనే గుండె జారుతుంది, ఆ వాక్యం ఎవరు చదువుతారు?

బ్రాకెట్లు పెట్టాం, సలాం వచ్చింది. పిల్ల నవ్వింది. నేనూ పెద్ద ఇంజినీర్‌లా ఫీలయ్యాను. అసలు సమస్య నాలుగో పాఠంలో ఉంది.

అది ఒక చిన్న బిల్లు ప్రోగ్రామ్. కిలో ధర ఎంతో అడుగుతుంది, మూడు కిలోలకు ఎంతో చెబుతుంది. ధర 50 అని కొట్టింది. తెర మీద వచ్చిన జవాబు 505050. ఎర్రర్ లేదు, ఎర్ర రంగు లేదు. మూడు కిలోల ఉల్లిగడ్డకు అయిదు లక్షల అయిదు వేల యాభై రూపాయలు! "ఇదేం దుకాణం మామూ" అంది పిల్ల.

జరిగింది ఇదీ. మనం కొట్టినదాన్ని తీసుకునే ఇన్‌పుట్ అనే ఆజ్ఞ, వెర్షన్ 2లో 50 అంటే దాన్ని అంకెగా లెక్క కట్టేది. వెర్షన్ 3లో ఏం కొట్టినా దాన్ని అక్షరాలుగానే తీసుకుంటుంది. అక్షరాలను మూడుతో గుణిస్తే పైథాన్ వాటిని మూడుసార్లు పక్కపక్కన రాస్తుంది. అంకె కావాలంటే ఇంట్ అనే మాటతో మార్చుకోవాలి. పాత పుస్తకంలో ఆ అవసరం లేదు కాబట్టి ఆ ముక్క లేదు. భాగహారంలోనూ ఇంతే. 455 మార్కులను 6 సబ్జెక్టులతో భాగిస్తే వెర్షన్ 2 దశాంశాలు కోసేసి 75 అంటుంది, వెర్షన్ 3 మాత్రం 75.83 దాకా చూపిస్తుంది. పుస్తకంలో 75, తెర మీద ఇంకోటి. రెండూ తమ తమ లెక్కన ఒప్పే. మధ్యలో నలిగేది నేర్చుకునేవాళ్ళు.

అనుభవం ఉన్నవాళ్ళు పాఠంలో తప్పు కనపడితే పాఠాన్ని అనుమానిస్తారు. కొత్తవాళ్ళు తమను తామే అనుమానిస్తారు. అందుకే కొత్తవాళ్ళ పాఠం తప్పుగా ఉండటం ఎక్కువ ప్రమాదం అని నాకు అనిపించింది. మరి భాష మారిన ప్రతిసారీ ఆ పాఠాన్ని ఎవరు మారుస్తారు? ఆ రాత్రి కూర్చుని పైథాన్ వాళ్ళ సొంత ట్యుటోరియల్ సంగతి చదివాను. మా అకౌంట్స్ పనికి ఇంత దగ్గరగా ఉంటుందని అనుకోలేదు.

పైథాన్ అధికారిక ట్యుటోరియల్‌లో 16 అధ్యాయాలు. ఇంటర్నెట్‌లో ఉచితం. అది భాషకు దూరంగా వేరే ఎక్కడో ఉండదు, పైథాన్ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ల మధ్యనే డాక్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. భాషలో మార్పు తెచ్చేవాళ్ళు ఆ మార్పుతోపాటే పాఠంలో రాతను కూడా మార్చాలన్నది పద్ధతి. ఎంట్రీ రాస్తే వోచర్ జత చేయాలి కదా, అలాగే.

కొత్త వెర్షన్ ఇప్పుడు ఏటా అక్టోబర్‌లో వస్తుంది. ఒక్కో వెర్షన్‌కు అయిదేళ్ళ ఆయుష్షు. ప్రతి వెర్షన్‌కు పాఠాల ప్రతి వేరేగా ఉంటుంది. పాఠంలో తప్పు దొరికితే ముందు రాబోయే వెర్షన్ ప్రతిలో దిద్ది, ఆ తర్వాత ఇంకా సవరణలు అందుకుంటున్న పాత ప్రతుల్లోకి కూడా ఎక్కిస్తారు. కొత్తగా వచ్చిన సౌకర్యం మాత్రం కొత్త ప్రతిలోకే పోతుంది. తప్పు సవరించడం వేరు, కొత్త సంవత్సరం ఖాతా తెరవడం వేరు. రెండూ కలిపితే ఆడిటర్ ఊరుకోడు.

పాఠంలోని ఉదాహరణలను సరిచూడటానికి డాక్‌టెస్ట్ అనే ఏర్పాటు ఉంది. 2001లో వచ్చిన 2.1 నుంచి పైథాన్‌తోపాటే వస్తోంది. పాఠంలో >>> గుర్తు తర్వాత ఉన్న లైనును యంత్రం నిజంగానే నడిపి చూస్తుంది. కింద రాసి ఉన్న జవాబు, వచ్చిన జవాబు ఒకటి కాకపోతే పట్టిస్తుంది. మా ఆపా కూతురి పుస్తకానికి ఇలాంటి కాపలా ఉంటే 505050 మొదటి రోజే దొరికేది.

కానీ యంత్రం ఉదాహరణలనే చూస్తుంది, వాక్యాలను చదవదు. దీనికి మంచి ఉదాహరణ డిక్షనరీ. పేరు పక్కన విలువ పెట్టి దాచుకునే పట్టీ అది, మన ఫోన్‌బుక్ లాంటిది. అందులో వరుస క్రమం ఉండదు, ఏది ముందు వస్తుందో చెప్పలేం అని ట్యుటోరియల్ ఏళ్ళ తరబడి చెప్పింది. అప్పట్లో అది నిజం. 2018లో వచ్చిన 3.7 నుంచి మనం పెట్టిన వరుసలోనే ఉంటుందని భాషే హామీ ఇచ్చింది. అంతే, ఆ పాత వాక్యం అబద్ధమైపోయింది. దాన్ని ఏ యంత్రమూ పట్టుకోలేదు. మనిషి చదివి, గుర్తుపట్టి, మార్చాలి. మార్చారు. ఇప్పుడక్కడ పెట్టిన వరుసలోనే వస్తాయని ఉంటుంది.

కొత్త వెర్షన్ విడుదల చేసేవాళ్ళకు పనుల పట్టిక ఒకటి ఉంది, పెప్ 101 అంటారు. చాలా పొడవు. అందులో ట్యుటోరియల్ గురించి విడిగా ఒక పని రాసి పెట్టారు: ఇంటర్‌ప్రెటర్ అధ్యాయంలో వెర్షన్ నంబరు ఉన్న చోట్లు వెతికి మార్చండి, అక్కడ కనిపించే తేదీని కూడా దానికి పొంతన కుదిరేలా చూడండి అని. ఇంత పెద్ద భాష విడుదల అవుతుంటే ఒక తేదీ గురించి ఎవరో జ్ఞాపకం పెట్టుకున్నారు. నాకు ఆ పట్టికలో అన్నిటికన్నా నచ్చింది అదే. కొత్తగా వచ్చినవాడు మొదట తెరిచే తెరలు అవే మరి, అక్కడే నంబర్లు కలవకపోతే మిగతాది ఎలా నమ్ముతాడు?

తీసేయడం ఇంకో తలనొప్పి. 2024 అక్టోబర్‌లో వచ్చిన 3.13లో 19 పాత మాడ్యూళ్ళను భాషలోంచి తొలగించారు. వెబ్ ఫారాల కోసం ఒకప్పుడు అందరూ నేర్చుకున్న సీజీఐ అందులో ఒకటి. చెప్పాపెట్టకుండా కాదు, 2022 నాటి 3.11 నుంచే ఇది పోతుంది అని ఆ పేజీలోనే హెచ్చరిక ఉంచారు. అన్నీ తీసేయరు కూడా. మాటలను అంకెలను కలిపి అందంగా చూపించడానికి 2016లో ఎఫ్-స్ట్రింగ్ అనే తేలిక పద్ధతి వచ్చింది, ట్యుటోరియల్ దాన్ని ముందుకు తెచ్చింది. పర్సెంట్ గుర్తుతో చేసే పాత పద్ధతిని మాత్రం ఆ భాగం చివర చిన్నగా అట్టే ఉంచారు. ఉద్యోగంలో చేరిన పిల్లకు పాత ప్రోగ్రాములు తగులుతాయి కదా. ఇది సరైన నిర్ణయం అనే నేను అనుకుంటాను.

ఇక అనువాదాలు. ట్యుటోరియల్‌ను ఇతర భాషల్లో పెట్టే పద్ధతి 2017లో పెప్ 545తో స్థిరపడింది. జపనీస్, ఫ్రెంచ్, కొరియన్ మొదట్లో వచ్చాయి. ఏ భాషైనా పేజీ పైనుండే భాషల జాబితాలో చేరాలంటే ట్యుటోరియల్ మొత్తం, దానితో పాటు ఇంకో రెండు పేజీలు పూర్తిగా అనువాదం అయి ఉండాలి. సగం చేసి వదిలేస్తే కుదరదు. రేపు తెలుగులోనో ఉర్దూలోనో ఎవరైనా పూనుకున్నా ఇదే కొలత. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఇంగ్లీషు వాక్యం మారిందంటే దాని అనువాదం పక్కన అనుమానపు గుర్తు పడుతుంది. ఎవరో తిరిగి సరిచూసేదాకా ఆ చోట ఇంగ్లీషే కనిపిస్తుంది. చదివేవాడికి కొంచెం ఇబ్బంది, నిజమే. కానీ సొంత భాషలో పాత అబద్ధం చదవడం కన్నా ఇది నయం.

ఇంట్లో మీరు చూసుకోవాల్సింది ఎక్కువేం లేదు. పుస్తకంలో ప్రింట్ పక్కన బ్రాకెట్ లేకపోతే అది వెర్షన్ 2. పక్కన పెట్టేయండి, ఎంత చవకగా వచ్చినా సరే. రా-ఇన్‌పుట్ అనే మాట కనపడినా అంతే. అధికారిక ట్యుటోరియల్‌లోనే నాలుగో అధ్యాయం మొదట్లో అంకె అడిగే లైను ఒకటుంది. పాత ప్రతిలో అది రా-ఇన్‌పుట్, ఇప్పుడు ఇన్‌పుట్. మిగతా లైనంతా మక్కీకి మక్కీ అదే. ఇంటర్నెట్‌లో చదివేటప్పుడు పేజీ పైన వెర్షన్ నంబరు చూసి, కంప్యూటర్‌లో ఉన్న పైథాన్ నంబరుతో పోల్చుకోమనండి. గడువు తీరిన వెర్షన్ పేజీ అయితే, దీనికి ఇక సపోర్ట్ లేదు, కొత్తది చదవండి అని పైనే పట్టీ కనిపిస్తుంది. కోచింగ్ సెంటర్‌లో ఫీజు కట్టే ముందు "ఏ వెర్షన్ చెబుతారు?" అని అడగడానికి మీకు ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు.

అధికారిక పేజీలోనే తప్పు దొరికితే పక్కన రిపోర్ట్ ఎ బగ్ అని ఉంటుంది. 2022 నుంచి ఈ ఫిర్యాదులన్నీ గిట్‌హబ్‌లో తీసుకుంటున్నారు. అక్కడ ఖాతా ఉన్న ఎవరైనా రాయొచ్చు, చిన్న సవరణ తామే చేసి పంపొచ్చు. పెద్ద ప్రోగ్రామర్లు ట్యుటోరియల్ మళ్ళీ తెరిచి ఎన్నేళ్ళయి ఉంటుందో. ఏ వాక్యం దగ్గర అర్థం కాక ఆగిపోతామో చెప్పగలిగేది నిన్న మొదలుపెట్టిన పిల్లలే.

బిల్లు ప్రోగ్రామ్‌లో ఇంట్ అనే మాట చేర్చాక 150 వచ్చింది. పుస్తకం ఏం చేద్దాం అని ఆపా అడిగింది. కోఠిలోనే తిరిగి అమ్మేస్తానంది పిల్ల. ఊరికే కాదు, అట్ట మీద 'పైథాన్' అనే మాట పక్కన స్కెచ్ పెన్నుతో 2 అని పెద్దగా రాసింది. ఇప్పుడు రేటు తగ్గుతుందని ఆపా గొణిగింది.