మంచును సహించు తాటి

తాటిచెట్టు ఎండకు పుట్టిన చెట్టని మనమందఱము తలఁతుము. చేలగట్లమీఁద అది నిప్పులు చెఱుగు వేసవిని తలయెత్తి సహించును. అట్టి జాతిచెట్టు మంచు కురియు కొండపై నిలిచియుండునన్నచో బాలురు నవ్వుదురు. కాని విసనకఱ్ఱవంటి ఆకులుగల తాటికుటుంబపు చెట్టొకటి హిమాలయములందు కలదు.

ఉత్తరాఖండమునందు పిథోరాగఢ్ సమీపమున థాకిల్ అను కొండ యున్నది. అచ్చట 2,000 మీటర్లకు పైని ఎత్తున, శీతకాలమున మంచు పడు చోట నీ చెట్టు పెరుగును. ఇటలీదేశపు వృక్షశాస్త్రవేత్త బెక్కారి 1905లో దీనిని వర్ణించి, ట్రాకికార్పస్ టాకిల్ అని ఆ కొండపేరే పెట్టెను. దీని దాయాదియైన చీనాదేశపు చెట్టును 1849లో ఫార్చ్యూన్ అను స్కాట్లండువాఁడు చూసాన్ ద్వీపమునుండి ఇంగ్లండునకు పంపెను. అది నేఁడు పెక్కు చలిదేశముల తోటలలో కానవచ్చును. మన కుమావూన్ చెట్టు మాత్రము అరుదు. పీచుతో త్రాళ్లు పేనుటకై కొండవారు నఱకుటచే అడవిలోని చెట్లు మిక్కిలి తగ్గినవి. కావున పెంచఁగోరువారు పెరటిచెట్ల గింజలనే తేవలెను, అడవిమొక్కను పెల్లగింపరాదు.

వేపకొమ్మ విఱిగినచో వేఱొకటి చిగుర్చును. ఈ జాతికి కొమ్మలు లేవు. నడిమి మొవ్వే ప్రాణస్థానము. గడ్డకట్టు చలి పట్టుకొన్నచో కొబ్బరిమొవ్వు నశించును, దీని మొవ్వు నిలుచును. ఆకులు మాడినను వసంతమున క్రొత్త ఆకు వచ్చును. తోటవాఁడు కాపాడవలసినది ఆకును గాదు, మొవ్వును. లేఁతమొక్కకు మాత్రము మొదటి శీతకాలములలో గడ్డికప్పు అవసరము.

గింజ గుజ్జు కడిగి, ఒకటి రెండు దినములు నానఁబెట్టి, ఇసుక కలిపిన ఆకుమట్టిలో వ్రేలిగోరంత లోతున నాటవలెను. మొలకకు కొన్ని నెలలు పట్టును. తొందరపడి త్రవ్వి చూచువారు దానిని పోఁగొట్టుకొందురు. మొదటి ఆకులు గడ్డిపోచలవలె నుండును. చీలిన ఆకు వచ్చుటకు ఏండ్లు గడచును. నీరు నిలువని నేల, పెనుగాలికి మఱుఁగు కావలెను. మన తాటిలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్లే ఇందును మగ, ఆఁడు చెట్లు వేఱు. రెండును సమీపముననున్నఁగాని గింజ పట్టదు.

నా మేనల్లుఁడు సైన్యములో పనిచేయుచు పిథోరాగఢ్ నుండి గుప్పెఁడు గింజలు తెచ్చెను. మంచునే సహించు చెట్టునకు మా కృష్ణాతీరమొక లెక్కయా యని నేను గర్వముగా నాటితిని. ఏడు మొలకెత్తినవి. వైశాఖమున అవి వాడుచుండఁగా, దాహమని తలఁచి పూటపూటకు మొవ్వులో నీరు పోసితిని. ఉక్కకు, తడికి మొవ్వు కుళ్లెను. నడిమి ఆకును పట్టి లాగఁగా చేతికి ఊడివచ్చెను; దుర్గంధము. ఏడును అట్లే పోయినవి. చలిని ఓర్చునది వేఁడిని కూడ ఓర్చునని నేను పొరపడితిని.

ఆ గుప్పెటలోని కొన్ని గింజలనే అచ్చటి మిత్రుఁడొకఁడు తన పెరటిలో వేసెను. మంచు పడిన ఉదయమున గడ్డికప్పు తీసి చూతుననియు, నాల్గవయేట మొదటి చీలిన ఆకు విచ్చెననియు ఆతఁడు వ్రాసెను. ఆ ఆకు అరచేయి యంతయే యున్నదఁట.